చిత్రపూరణ: ఛాయాచిత్రాలలో లోపించిన భాగాలను కంప్యూటరుతో నింపు విధానం

చినిగిన, చెదలు తిన్న, మడతల వెంట పొర రాలిన ఛాయాచిత్రంలోని ఖాళీలను, చుట్టూ మిగిలిన భాగానికి పొసగునట్లు కంప్యూటరుతో నింపే ప్రక్రియను చిత్రపూరణ అనవచ్చును. ఆంగ్లంలో దీనికి ఇన్‌పెయింటింగ్ అని పేరు. ఈ మాట కంప్యూటర్లతో పుట్టినది కాదు. ప్రాచీన వర్ణచిత్రాలను బాగుచేసే నిపుణులు రంగు రాలినంత మేరకే కొత్త రంగు అద్దే పనికి పెట్టుకొన్న పేరది. 2000లో బెర్తాల్మియో, సపీరో, కాసెలెస్, బాయెస్టర్ అను పరిశోధకులు దానిని గణిత సమీకరణాలలోనికి తెచ్చారు.

వారి పద్ధతిలో నింపవలసిన చోటును మనిషే గుర్తించాలి. ఖాళీ అంచు వద్దకు వచ్చి ఆగిన వెలుగునీడల రేఖలను కంప్యూటరు కొద్దికొద్దిగా లోపలికి పొడిగిస్తుంది. సగం చెరిగిన ముగ్గులో మిగిలిన గీతల కొసలను చూసి నడిమి గీతను కలపడం వంటిదే ఇది. సన్నని గీతలకు, మడతలకు చక్కగా సరిపోతుంది. ఖాళీ వెడల్పైతే మాత్రం అక్కడ మసక తప్ప మరేమీ మిగలదు.

ఆ లోపాన్ని తీర్చినది అతుకు పద్ధతి. చిరిగిన చీరకు అదే చీర లోపలి మడతలోని ముక్కను తీసి వేసినట్లు, చిత్రంలోనే మరొకచోట ఉన్న పోలిక గల ముక్కను తెచ్చి ఖాళీలో ఉంచుతారు. 1999లో ఎఫ్రోస్, ల్యూంగ్ ఒక్కొక్క పిక్సెల్‌గా ఈ పని చేసి చూపారు. ఏ అంచును ముందు నింపాలన్న క్రమాన్ని క్రిమినిసి, పెరెజ్, టోయామా నిర్ణయించారు. గోడ అంచు, తలుపు చట్రం వంటి స్పష్టమైన రేఖలు తాకే చోటు ముందు, చదునైన చోటు తరువాత. 2009లో వచ్చిన ప్యాచ్‌మ్యాచ్ విధానం పోలిక గల ముక్కల వెదుకులాటను ఎంతో వేగవంతం చేసింది. మరుసటి ఏడే ఫోటోషాప్‌లో ఈ సౌకర్యం చేరింది.

2016 తరువాతి పద్ధతులు వేరు. లక్షలాది చిత్రాలను చూసి నేర్చిన కృత్రిమ మేధ ఖాళీలో ఏముండవచ్చునో ఊహించి గీస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఇంట మిగిలిన ఒకే ఒక చిత్రంలో తాతగారి ముఖం చెడిపోయి ఉంటే, అది ఒక ముఖాన్ని తప్పక గీస్తుంది. ఆ కన్ను, ఆ ముక్కు ఎవరెవరివో కలిసినవి, తాతగారివి కావు. రెండు తరాలు గడిస్తే మనుమలకు అదే తాత ముఖమైపోతుంది. అందుచేత గోడ, ఆకాశం, చీర అంచు నింపవచ్చును గాని, ముఖంలో పెద్ద ఖాళీని అలాగే ఉంచడం మేలు. అక్షరాల సంగతీ ఇంతే. పాత దస్తావేజులో చెరిగిన తెలుగు, కన్నడ అక్షరాల స్థానంలో ఈ యంత్రాలు అక్షరాలవలె కనిపించే అర్థంలేని గీతలు గీయడం కద్దు. పొలం హద్దులు, సర్వే నంబర్లు ఉన్న కాగితాన్ని ఈ విధంగా పూరించరాదు.

పని మొదలుపెట్టే ముందు చిత్రాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించి, ఆ ప్రతిని టిఫ్ రూపంలో మార్పు లేకుండా భద్రపరచాలి. పూరణను వేరొక ప్రతిపై చేసి, ఏయే భాగం నింపినదో ఆ ఫైలు పేరులోనో, అచ్చు వేసిన కాగితం వెనుకనో వ్రాసి పెట్టాలి. మూలచిత్రాన్ని పారవేయరాదు.