తెరపై ప్రకృతి – ఒక చిన్న చరిత్ర

టెలివిజన్ అంటే వార్తలు, సీరియళ్లు, సినిమాలే అనుకుంటాం. కానీ మాటలూ కథా లేని జలపాతాన్నో, అడవినో గంటల తరబడి తెరపై ఉంచుకోవడం ఇప్పుడు చాలామందికి అలవాటైంది. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మన విశ్రాంత మిత్రులకు అదొక తోడు. ఈ అలవాటు వెనుక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్నది.

1950వ దశకంలో బ్రిటన్‌లో బి.బి.సి. కార్యక్రమాలు చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే. రెండు కార్యక్రమాల నడుమ ఖాళీని పూరించడానికి చిన్న చిత్రాలు వేసేవారు. 1953 నాటి కుమ్మరి చక్రం చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. అందులో కుండ ఎప్పటికీ పూర్తి కాదు! 1966 డిసెంబరు 24న న్యూయార్కులోని ఒక టీవీ కేంద్రం ప్రకటనలు మానుకొని, చలిమంట దృశ్యాన్ని చూపింది. చలిమంట వేసుకునే వీలులేని అపార్టుమెంటు వాసుల కోసం ఈ ఏర్పాటు. అసలు చిత్రం 17 సెకన్లే. దాన్నే తిప్పి తిప్పి వేశారు. 1989 తర్వాత ఆగిపోయిన ఆ కార్యక్రమం, ఉగ్రవాద దాడి జరిగిన 2001లో నగరానికి ఊరటగా తిరిగి వచ్చింది.

మన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. ఆనాటి ప్రసారాలు రోజుకు కొన్ని గంటలే. 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అక్షరాలను ఓపికగా చూసిన తరం మనది. 1982లో రంగులు, 1990వ దశకంలో కేబుల్, 2005లో యూట్యూబ్ వచ్చాక రోజంతా ఒకే దృశ్యం చూడటం సాధ్యమైంది.

2009లో నార్వే ప్రభుత్వ టీవీ, బెర్గెన్ నుండి ఓస్లో వరకు ఏడు గంటలకు పైగా సాగే రైలు ప్రయాణాన్ని పూర్తిగా చూపింది. ఆ మార్గానికి నూరేళ్లు నిండిన సందర్భమది. 1929లో పూర్తయిన మన కాజీపేట–బల్లార్షా మార్గం మాత్రం తీసిపోయిందా? పెద్దపల్లి, రామగుండం దాటి గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల చేరే దారి అందం మనకు తెలియనిది కాదు.

ఇది ఆరోగ్యానికి మంచిదా? అమెరికాలో రోజర్ అల్‌రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది వివరాలను పరిశీలించి 1984లో ప్రకటించారు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు, గోడ మాత్రమే కనబడినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు. అయితే అది కిటికీ, టీవీ కాదు. నడవగలిగినవారికి చెట్టు నీడకు సాటి ఏదీ లేదు.

నడవలేనివారి మాట వేరు. వందల మెట్లు దిగి కుంటాల జలపాతం చూడటం అందరి వల్లా అయ్యే పని కాదు. అలాగని ఎప్పుడూ విదేశాల మంచుకొండలే చూడాలా? ఈసారి సెలవులకు వచ్చిన మనవళ్లకు ఒక పని అప్పగిద్దాం. జారుడు రాళ్ల జోలికి పోకుండా కుంటాల, పొచ్చెర జలపాతాలను, బాసర గోదావరిని, దిగువ మానేరుపై సూర్యోదయాన్ని ఒక్కో గంట కదలకుండా చిత్రీకరించమందాం. పక్కన కూర్చుని ఆనాటి ఆ ఊళ్ల సంగతులు చెప్పే బాధ్యత మనది. దృశ్యం తెరపై నిలుస్తుంది. కథ మాత్రం మనం చెబితేనే నిలుస్తుంది.