దుక్కి కాని దుక్కి: ట్రాలింగు, సముద్రపు అడుగునేల, ఆంధ్ర తీర శాసనం

ట్రాల్ వలతో సముద్రపు అడుగును ఈడ్వడం పొలం దున్నడం వంటిదే అనే వాదం పాతది. 1863లో బ్రిటన్ నియమించిన రాయల్ కమిషన్ ఎదుట కొందరు సాక్షులు ఈ పోలికనే ముందుకు తెచ్చారు. థామస్ హక్స్లీ సభ్యుడుగా ఉన్న ఆ కమిషన్, 1866 నాటి నివేదికలో, ట్రాలింగుపై ఆంక్షలు అనవసరమని తేల్చింది. అయితే 1376లోనే ఇంగ్లండు పార్లమెంటుకు చేరిన వినతిపత్రం ఇందుకు భిన్నమైన సాక్ష్యం. బరువైన వల అడుగున పెరిగే మొక్కలను, గుల్లల పిల్లలను నశింపజేసి పెద్ద చేపలకు ఆహారం లేకుండా చేస్తున్నదని అందులో ఫిర్యాదు చేశారు.

ఈ పోలిక నిలుస్తుందా? కదిరి ప్రాంతపు మెట్ట రైతు వాన పదును చూసి దున్నుతాడు. ఆపై వేరుసెనగ విత్తుతాడు. అతని దుక్కి విత్తనం కోసమే. ట్రాల్ వల వెంట విత్తనం లేదు. బరువైన పలకలు, అడుగు తాడు, గొలుసులు బురదను లేపుతూ పురుగులను, గుల్లలను, స్పాంజికలను చిదుముతాయి. అదే చాలులో వల మళ్లీ మళ్లీ సాగుతుంది. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం, పలకల ట్రాల్ వల ఒక్కసారి సాగితే సగటున 2.4 సెంటీమీటర్ల లోతుకు దిగి, అడుగు జీవరాశిలో 6 శాతాన్ని తొలగిస్తుంది. సగానికి పడిపోయిన జీవరాశి 95 శాతానికి కోలుకోవడానికి 1.9 నుండి 6.4 ఏళ్లు పడుతుంది.

ఆంధ్ర తీరంలో ట్రాలింగు విస్తరణకు ప్రధాన ప్రేరణ రొయ్యల ఎగుమతి. రొయ్య అడుగునేలను ఆశ్రయించి బతికే జీవి కనుక వల అక్కడికే దిగింది. విశాఖపట్నం ఈ వేటకు ప్రధాన కేంద్రమైంది. అక్కడి పెద్ద ట్రాలర్లు ఉత్తర బంగాళాఖాతంలోని శాండ్‌హెడ్స్ వరకు సాగాయి. మరబోట్లకూ సంప్రదాయ మత్స్యకారులకూ మధ్య ఘర్షణలు పెరిగిన నేపథ్యంలో 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం వచ్చింది. తీరం నుండి 8 కిలోమీటర్ల మేర జలాలు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించబడ్డాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం 2015 నుండి 61 రోజులు అమలవుతున్నది.

ఈ రెండు నియమాలలో మొదటిది మనుషుల మధ్య హద్దు. రెండవది చేపల సంతానోత్పత్తికి ఇచ్చిన విరామం. హద్దు పాటించిన చోట 8 కిలోమీటర్ల లోపలి అడుగునేలకు కూడా పరోక్షంగా రక్షణ దక్కుతుంది. ఆ గీత దాటిన తరువాత మిగిలేది 61 రోజుల విరామమే. ఏళ్లు పట్టే కోలుకోలుకు అది చాలదు. 1376 నాటి ఫిర్యాదు చేపలతోపాటు వాటిని పోషించే నేలనూ లెక్కలోకి తీసుకున్నది. ఆ లెక్క నేటి తీర శాసనంలో ఇంకా చేరవలసి ఉన్నది.