పదేళ్లు ఎదురుచూసి కొన్న స్కూటర్ కాబట్టే ముప్పై ఏళ్లు నడిపారు

ఈ ఎపిసోడ్ కొత్త బండి రివ్యూ కాదు. ఆదివారం పొద్దున పాత గుడ్డ, స్పానర్ పట్టుకుని నాన్నో, తాతయ్యో స్కూటర్ పక్కన కూర్చునేవాళ్లు కదా, ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

మా నాన్నది బజాజ్ చేతక్. "ఆ తరానికి ఓపిక ఎక్కువ" అని మనం ఈజీగా అనేస్తాం. నాకైతే అది ఓపిక కంటే ఎక్కువగా కొరత నేర్పిన పాఠం అనిపిస్తుంది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1960లలో బజాజ్ ఇటలీ కంపెనీ పియాజియో లైసెన్సుతో మన దగ్గర వెస్పా స్కూటర్లు తయారు చేసేది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో అదే పోలికతో చేతక్ వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టారు. అయితే అప్పట్లో ఫ్యాక్టరీ ఎన్ని బళ్లు తయారు చేయాలో కూడా ప్రభుత్వ లైసెన్సే తేల్చేది. కొనేవాళ్లు ఎంతమంది ఉన్నా, అనుమతి లేకుండా ఆ లెక్క దాటకూడదు. దాంతో బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి, కొన్నిచోట్ల పదేళ్ల దాకా ఎదురుచూశారు. అలాంటప్పుడు బండి పాడైతే "ఇంకోటి కొందాంలే" అనే మాటకి అర్థమే లేదు. ఉన్నదాన్ని పాడవకుండా చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు ఇంజిన్ సంగతి. చేతక్‌ది టూ-స్ట్రోక్. ఇప్పటి బళ్లలోలాగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోల్‌లో కలిపి పోసే ఆయిలే పిస్టన్‌ని కాపాడాలి. లీటరుకి సుమారు 20 మిల్లీలీటర్లు. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్ మీద, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంకో చిక్కు: పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది, దాంతో ఆయిల్ కూడా అందదు, చక్రం మాత్రం ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు మధ్యమధ్యలో కాస్త రేజ్ ఇచ్చేవాళ్లు.

ఆదివారం పనులన్నిటికీ ఇలాంటి కారణాలే. ప్లగ్ విప్పి గరుకు కాగితంతో మసి గీకి, గ్యాప్ సరిచూడటం. క్లచ్, గేర్ కేబుళ్లలో నూనె చుక్కలు వేయడం. బండి ఆపగానే పెట్రోల్ ట్యాప్ కట్టేయడం. లేకపోతే కార్బురేటర్ నిండి, మర్నాడు కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి. మెకానిక్ దగ్గర అప్పుడప్పుడు "కార్బన్ తీయించడం". ముందు, వెనక, స్టెపినీ మూడు చక్రాలూ ఒకే సైజు కాబట్టి వాటిని మార్చి మార్చి వేసి టైర్లు సమానంగా అరిగేలా చూసుకునేవాళ్లు. సర్వర్ పడిపోయాక రాత్రంతా కూర్చోవడం మా ఐటీవాళ్లకి బాగా తెలుసు. వీళ్లు పడిపోకముందే కూర్చునేవాళ్లు.

అలాగని ఆ రోజులే బంగారం అనను. ఎంత బాగా చూసుకున్నా టూ-స్ట్రోక్ ఆయిల్‌ని కాల్చాల్సిందే, పొగ వదలాల్సిందే. ఆ పొగ పీల్చింది మనమే. 1985లో హీరో హోండా సీడీ 100 ఫోర్-స్ట్రోక్‌తో వచ్చింది. 1991 తర్వాత లైసెన్సుల పట్టు సడలింది. కావాల్సిన బండి షోరూంలోనే దొరకడం మొదలైంది. క్యూ పోయింది. మంచిదే. కానీ క్యూతో పాటు ఆదివారం అలవాటు కూడా పోయింది.

అక్కడే నా భయం. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది పన్నెండేళ్ల గేర్‌లెస్ స్కూటర్. రోజూ దాని మీద కూరగాయలకి వెళ్లేది మా అమ్మ. చేతక్ ప్లగ్ మసిబారితే బండి స్టార్ట్ కాదు, ఇంట్లోనే తెలిసిపోతుంది. ఈ బండికి బ్రేక్ అరిగినా సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్ అవుతుంది. సంగతి తెలిసేది రోడ్డు మీదే. చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ 15 ఏళ్ల లోపు బండి చూసుకోవాల్సింది మనమే.

కాబట్టి నెలకో ఆదివారం అరగంట: ఇంజిన్ ఆయిల్, రెండు బ్రేకులు, టైర్ గాలి, లైట్లు. తర్వాత నాన్ననో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, స్కూటర్ కోసం ఎన్నేళ్లు ఆగారో అడగండి. జవాబు వినడానికి మాత్రం అరగంట చాలదు.