దుకాణానికి వేసిన తాళం, విద్యార్థిని అడగని ప్రశ్న

మద్యనిషేధ వివాదం మన ప్రాంతంలో ఒక ప్రభుత్వాన్నే కూల్చిన సంగతి మీలో ఎందరికి జ్ఞాపకముందో! 1948 అక్టోబరు 2 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలైంది. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు అందులోనివే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మరుసటి యేడు నవంబరులో, నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసులపై వివాదం ముదిరి, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ఇన్నేళ్లూ చర్చ దుకాణం చుట్టూనే తిరిగింది. తాగేవాడితో మాట్లాడటమెలా అన్నది వెనుకబడిపోయింది.

ఆ దశాబ్దంలోనే అమెరికాలో, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లట్ బృందం మరో దారి పట్టింది. అధికంగా తాగే అలవాటుతో కళాశాలలో చేరుతున్న 348 మందిని ఎంచుకొని, వారిలో కొందరిని మొదటి సంవత్సరంలోనే ఒక్కొక్కరిగా పిలిచి మాట్లాడారు. ఉపన్యాసం లేదు, బెదిరింపు లేదు. విద్యార్థి ఎంత తాగుతున్నాడో, తోటివారు నిజంగా ఎంత తాగుతున్నారో ఆ లెక్కలే అతని ముందుంచారు. రెండేళ్ల తరువాత కూడా వీరిలో తాగుడు, దానివలన కలిగే నష్టాలు మిగిలినవారికంటే తక్కువగా ఉన్నట్టు 1998లో ప్రకటించారు. వారిలో చాలామంది అక్కడి చట్టం ప్రకారం తాగే వయసు, అంటే 21, నిండనివారే. మన రాష్ట్రంలోనూ హద్దు అదే.

ఇక ఆళ్లగడ్డ నుండి వచ్చి నంద్యాలలో గది తీసుకున్న కుర్రవాడిని తలచుకోండి. ఇల్లు విడవడం అదే మొదలు. గదిలో నలుగురు చేసేదే లోకమంతా చేస్తున్నట్టు తోస్తుంది. ఆ భ్రమ బలపడకముందే, తొలి నెలల్లోనే అతనితో మాట్లాడాలి. కాని ఎవరితో చెప్పుకోగలడు? ఊరి బస్సులో సగం మంది ఎరిగినవారే. కౌన్సెలర్ గుమ్మం తొక్కితే సాయంత్రానికి మాట ఇల్లు చేరుతుంది. గోప్యత లేనిచోట ఎంత మంచి పద్ధతీ పారదు. ప్రతిజ్ఞలు చేయించి ముగించే సభలు నాకు తృప్తినివ్వకపోవడానికి కారణమిదే.

గంజాయి విషయంలో భయం మరింత ఎక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చికిత్సా కేంద్రానికి వస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్సను మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సహాయవాణి సంఖ్య 14446. హాస్టలు గోడలమీద శిక్షల పట్టికలు చూశాను గాని, ఈ సెక్షన్‌ను ఎక్కడా చూడలేదు.