కొలతలోకి చొరబడే ఆవేశం

విద్యుత్ బలాల విలోమ వర్గ నియమానికి రుజువుగా 1785లో కూలుంబ్ పారిస్ అకాడమీ ముందు పెట్టిన కొలతలు మూడంటే మూడే. సన్నని వెండి తీగకు వేలాడే సూది, దాని కొసన బెండు బంతి. అంతే ఆవేశమున్న మరో బంతి దాన్ని నెడుతుంటే తీగ ఎంత మెలి తిరిగిందో చూడాలి. బంతుల మధ్య ఎడం మొదట 36 డిగ్రీలు, తర్వాత 18, చివర ఎనిమిదిన్నర. కొలుస్తుండగానే ఆవేశం గాలిలోకీ ఆధారాల మీదుగానూ కారిపోయేది. తేమ ఉన్న రోజున మరీను. ఆ నష్టాన్ని లెక్కగట్టడానికే ఆయన ప్రత్యేకంగా ఇంకో పత్రం రాయాల్సివచ్చింది.

రెండు శతాబ్దాల తర్వాత జర్మనీలో పీటర్ హీరింగ్ అలాంటి త్రాసునే మళ్ళీ కట్టి చూస్తే లెక్క కుదరలేదు. కొలిచే మనిషి ఒంటి మీది ఆవేశమే బంతిని కదుపుతోందేమోనని అనుమానం వచ్చింది. మనిషికీ త్రాసుకీ మధ్య లోహపు పంజరం పెట్టాక గానీ ఫలితం దారికి రాలేదు.

ఆ పంజరం మైకేల్ ఫారడే పుణ్యం. 1836లో లండన్‌లో 12 అడుగుల ఘనాకారపు గది కట్టి, బయటంతా లోహం తొడిగి, తానే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. గోడల మీద నిప్పురవ్వలు ఎగురుతున్నా లోపలి పరికరాల్లో చలనం లేదు. అప్పటినుంచి ప్రయోగశాలల్లో ఒకటే పాఠం: లోహంతో చుట్టు, భూమికి కలుపు. చాలాకాలం అది చాలింది కూడా.

లోహాన్నే అనుమానించాల్సిన పరిస్థితి స్టాన్‌ఫర్డ్‌లో ఎదురైంది. విలియం ఫెయిర్‌బ్యాంక్, ఫ్రెడ్ విట్టెబోర్న్ ఎలక్ట్రాన్ భూమి వైపు ఎలా పడుతుందో కొలవబోయారు. ఎలక్ట్రాన్ బరువు ఎంత అల్పమంటే, 5 మీటర్ల దూరంలో ఇంకొక్క ఎలక్ట్రాన్ ఉంటే చాలు, దాని తోపుడు భూమి ఆకర్షణకు సరితూగుతుంది. అందుకని నిలువు రాగి గొట్టాన్ని ద్రవ హీలియంతో −269 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిచి, దాని నడుమ ఎలక్ట్రాన్లను వదిలారు. రాగి గోడ చూడ్డానికి ఒకటే ముక్క. నిజానికి చిన్న చిన్న స్ఫటికాల గుంపు. స్ఫటికం ఏ ముఖం చూపితే దానికి తగ్గట్టు ఉపరితల పొటెన్షియల్ కాస్త మారుతుంది. పైన అంటుకున్న వాయు అణువులు దాన్ని ఇంకొంత మారుస్తాయి. భూమికి ఎంత గట్టిగా కలిపినా ఈ పొటెన్షియల్ మచ్చలు పోవు. అయినా 1967లో వాళ్ళకు వచ్చిన జవాబు: ఎలక్ట్రాన్ మీద నికర బలం దాదాపు సున్నా. రాగిలోని ఎలక్ట్రాన్లు తమ బరువుకు తామే కాస్త కిందికి సర్దుకుని, ఏర్పడిన క్షేత్రంతో గురుత్వాన్ని రద్దు చేస్తున్నాయని వివరణ. మరి మచ్చలేమయ్యాయి? వాటి ప్రభావం ఆ బరువును ఏనాడో మింగేయాలి. వాదన తెగలేదు. నన్నడిగితే, అంత శుభ్రమైన సున్నాయే ఎక్కువ అనుమానించదగింది.

సందేహం రేపిన కొలత అదొక్కటే కాదు. 1977లో ఫెయిర్‌బ్యాంక్ బృందం నయోబియం గోళాల మీద ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడోవంతు కనిపించిందని ప్రకటించింది. ఇతరులకు అది దొరకలేదు.

ఫెయిర్‌బ్యాంక్ మొదటినుంచీ పాలుపంచుకున్న గ్రావిటీ ప్రోబ్-బి ఉపగ్రహం, ఆయన పోయిన దాదాపు పదిహేనేళ్ళకు, 2004 ఏప్రిల్ 20న ఎగిరింది. అందులో నాలుగు క్వార్ట్జ్ గోళాలు. ఒక్కోటి 38 మిల్లీమీటర్లు, పైన నయోబియం పూత. మనిషి చేసిన వస్తువుల్లో అంత గుండ్రనివి అరుదు. ఆకారంలో వంక లేదు, పూతలో ఉంది. గోళం మీది మచ్చలు, చుట్టూ ఉన్న గూటి గోడ మీది మచ్చలు వెంట్రుక మందమంత సందులో ఒకదాన్నొకటి లాగాయి. తిరుగుతున్న గోళాల అక్షాలు పక్కకు జరిగాయి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం తిరిగే భూమి కలిగించే స్థలకాల ఈడ్పు ఏడాదికి 39 మిల్లీ ఆర్క్‌సెకన్లే, ఈ పక్కచూపుల్లో దాన్ని ఏరుకోవాలి. ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి 2011లో 37.2 అని తేల్చారు. కానీ అనిశ్చితి 19 శాతం. ఆశించింది 1 శాతం.

ఆ తర్వాతి వాళ్ళు ఆవేశాన్ని ముందే శత్రువుల జాబితాలో రాసుకున్నారు. 2015లో ఎగిరిన లీసా పాత్‌ఫైండర్ వ్యోమనౌకలో బంగారం-ప్లాటినం ఘనాలకు కాస్మిక్ కిరణాల వల్ల చేరే ఆవేశాన్ని అతినీలలోహిత దీపాలతో వదిలించారు. గురుత్వ తరంగాలను పట్టే లైగో అద్దాలది ఇంకో తంటా. 40 కిలోల ఆ సిలికా దిమ్మలు విద్యుత్ బంధకాలు, వాటికి ఎర్తింగ్ అనేదే కుదరదు. అందుకని ఆవేశం పేరుకున్నప్పుడు అయనీకరించిన నైట్రోజన్‌ను శూన్యపు గదిలోకి పంపి దాన్ని తటస్థం చేస్తారు. తర్వాత ఆ వాయువునంతా మళ్ళీ బయటికి తోడేయాలి.