మైనర్ లీగ్ పిచర్ల తొలి నెల అంచనా

అమెరికాలో మేజర్ లీగ్‌కు కింది స్థాయి అయిన మైనర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది. నాలుగైదు మ్యాచ్‌లు ముగిసేసరికే బంతి విసిరే యువ పిచర్లపై తీర్పులు వినిపిస్తాయి. అప్పటికి వాళ్లు వేసింది పాతిక ముప్పై ఇన్నింగ్స్ మాత్రమే.

తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ ఇందుకు చక్కటి ఉదాహరణ. కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2022లో టెక్సాస్ రేంజర్స్ అతన్ని మూడో ఎంపికగా తీసుకుంది. 2023 ఆరంభంలో రేంజర్స్‌కు చెందిన మైనర్ లీగ్ జట్టు హికరీకి 6 మ్యాచ్‌లలో 28 ఇన్నింగ్స్ వేశాడు.

ఫీల్డర్ల తప్పిదాలు తీసేసి 9 ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 3.86. చూడ్డానికి సాధారణమే. కానీ స్ట్రైక్‌అవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) 42, అంటే 9 ఇన్నింగ్స్‌కు 13.5. తొలి వారాల్లో నమ్మదగింది ఇదే. పరుగుల లెక్కలో అదృష్టానికీ ఫీల్డింగ్‌కూ వాటా ఉంటుంది. స్ట్రైక్‌అవుట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా బేస్ ఇవ్వడం) చాలావరకు పిచర్ చేతిలోనివి. బంతి వేగం, లీగ్ స్థాయితో పోల్చిన వయసు కూడా చూడాలి.

అంకెలు మోచేతి సంగతి చెప్పవు. 2023 మే నెలలోనే రాకర్ మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబర్ 12న మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.

జావెలిన్ నుంచి పిచింగ్‌కు మారిన ఉత్తరప్రదేశ్ క్రీడాకారుడు రింకూ సింగ్‌ది మరో దారి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో 2009లో అతని పరుగుల సగటు 5.84, మరుసటి ఏడాది 2.61. గాయాల వల్ల మేజర్ లీగ్ అందలేదు.