పడవలోని యంత్రముల సంభాషణ

కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులకు నౌకాయానమనగానే అది తమకు సంబంధించని విషయమని తోచుట సహజము. సముద్రము మనకు దూరము. వేసవిలో తుంగభద్రలో నీటికంటె ఇసుకయే ఎక్కువ. అయినను ఈ కరవుసీమలో కూడ ఒకప్పుడు పడవలు నడిచినవి. సుంకేసుల ఆనకట్ట వద్ద తుంగభద్రను విడిచి, కర్నూలు మీదుగా కడప వరకు 300 కిలోమీటర్లకు పైగా సాగు కె.సి. కాలువను 1860–70 ప్రాంతమున ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వించినది. అది సేద్యమునకు మాత్రమే కాదు, సరకుల పడవలకు కూడ ఉద్దేశింపబడినది. కంపెనీకి ఆశించిన లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొన్నది. పడవల రాకపోకలు తరువాత ఆగిపోయినవి. నేడు ఆ కాలువ పొలములకు నీరిచ్చుటకే పరిమితము.

ఆ కాలువలో సరంగుకు “నేనెక్కడ ఉన్నాను?” అను ప్రశ్నయే లేదు. గట్టుమీది ఊరు, ఎదుట వచ్చు లాకు చూచిన చాలును. నడిసముద్రమున ఊరూ లేదు, లాకూ లేదు. అక్కడ ఓడ అధికారి సూర్యుని, నక్షత్రముల ఎత్తు కొలిచి, గడియారము చూచి, లెక్కగట్టి, పటముపై పెన్సిలుతో చుక్క పెట్టెడివాడు. ఆ చుక్కనుబట్టి ఎటు తిరుగవలెనో చుక్కాని పట్టినవానికి నోటితో చెప్పెడివాడు. స్థానమును కనుగొనుట ఒక పని; దానిని అవసరమైన వారికి పొల్లుపోకుండ అందించుట మరియొక పని. చరిత్రకారులు మొదటిదానిని గూర్చి చాల వ్రాసినారు. రెండవదానిని అంతగా పట్టించుకొనలేదు.

ఇరువదవ శతాబ్దమున రేడియో తరంగములతో స్థానము తెలుపు లోరాన్ యంత్రము, తనంత తాను చుక్కాని త్రిప్పు యంత్రము, లోతు కొలుచు యంత్రము ఒక్కొక్కటిగా పడవలోనికి వచ్చినవి. కాని ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క మాండలికము మాటలాడెడిది. ఒకరి లోరాన్ చెప్పినది వేరొకరి చుక్కాని యంత్రమునకు అర్థము కాదు. అమెరికాలో 1957లో ఏర్పడిన జాతీయ నౌకా ఎలక్ట్రానిక్స్ సంఘము ఈ చిక్కును విప్పుటకు పూనుకొని, 1980లో ఒక చిన్న ప్రమాణమును, 1983లో “0183” అను పూర్తి ప్రమాణమును వెలువరించినది. జి.పి.యస్. మొదటి ఉపగ్రహము 1978లోనే ఎగిరినను, ఆ వ్యవస్థ సంపూర్ణమైనది 1995లో. అనగా వక్త రాకముందే భాష సిద్ధమైనది!

ఈ భాష పద్ధతి మన తరగతిలోని డిక్టేషను వంటిది. ఒకరు చెప్పుదురు, ఎందరైనను విందురు, ఎవరును బదులు పలుకరు. సాధారణముగా వాక్యము డాలరు గుర్తుతో మొదలగును; 82 అక్షరములను మించరాదు. లోపల కామాల నడుమ కాలము, అక్షాంశము, రేఖాంశము, వేగము, దిశ ఉండును. భాగహారమును గుణించి సరిచూచుకొనునట్లు, వాక్యము చెడకుండ చేరినదో లేదో తేల్చుటకు చివర రెండు గుర్తులుండును. వేగము సెకనుకు 4,800 బిట్లు. ఒక్కొక్క అక్షరమునకు 10 బిట్లు పట్టును గనుక సెకనుకు 480 అక్షరములు, అనగా పూర్తి నిడివి వాక్యములు అయిదారు. ఈనాటి లెక్కకు ఇది నత్తనడకయే. పడవ అంతకంటె వేగముగా ఎక్కడికి పోవును గనుక?

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క ఒకటి కలదు. కర్నూలు అక్షాంశము సుమారు 15 డిగ్రీల 50 నిమిషములు. ఈ భాషలో దానిని 1550.0000 అని వ్రాయుదురు. డిగ్రీలు, నిమిషములు ప్రక్కప్రక్కనే. తెలియని విద్యార్థి దీనిని 15.50 డిగ్రీలని చదువును. నిజమునకు అది 15.83. తేడా డిగ్రీలో మూడవ వంతు. డిగ్రీకి 111 కిలోమీటర్లు గనుక కర్నూలు 37 కిలోమీటర్లు దక్షిణముగా డోన్ వైపునకు జరిగిపోవును.

ఇక అసలు విషయము. స్థానము తెలుపు ముఖ్య వాక్యములో ఒకే ఒక అక్షరమునకు ప్రత్యేక స్థలము కలదు. అక్కడ ఆంగ్లాక్షరము ‘ఏ’ ఉన్నచో “ఇది నమ్మదగినది” అని, ‘వి’ ఉన్నచో “నమ్మవద్దు” అని అర్థము. 1995 జూన్ 9న బెర్ముడా నుండి బోస్టనుకు బయలుదేరిన రాయల్ మెజెస్టీ అను విహారనౌకలో, కొద్దిసేపటికే జి.పి.యస్. ఏంటెనా తీగ ఊడినది. ఉపగ్రహములు అందని యంత్రము ఓడ వేగమును, దిశనుబట్టి స్థానమును ఊహించి చెప్పుచు, అది నమ్మదగినది కాదని తన వాక్యములో గుర్తు పెట్టుచునే ఉన్నది. చుక్కాని యంత్రమునకు ఆ గుర్తు చదువు ఏర్పాటే లేదు. గాలియు, ప్రవాహమును ఓడను ప్రక్కకు నెట్టుచుండగా, అది తాను గీతమీదనే పోవుచున్నాననుకొన్నది. ఓడలోని లోరాన్ వేరొక స్థానమును చూపుచుండినను అధికారులు రెంటిని పోల్చలేదు. సుమారు 34 గంటల తరువాత, జూన్ 10 రాత్రి, 1,509 మందితో ఆ ఓడ దారికి 17 మైళ్ళ దూరమున, నాంటకెట్ దీవికి తూర్పున ఇసుకమెట్ట నెక్కినది. అదృష్టవశాత్తు ఎవరికిని గాయములు కాలేదు.

తరువాత మోటారుకార్లలో వాడు తీగ పద్ధతి ననుసరించి, ఒకే తీగపై అన్ని యంత్రములు వంతులవారీగా పలుకు క్రొత్త ప్రమాణము వచ్చినది. దాని వేగము పాతదానికి 50 రెట్లకు పైన. పాతది మాత్రము నేటికిని వాడుకలోనే ఉన్నది.

మన జాలరుల చిన్న పడవలలో ఇన్ని యంత్రములు, తీగలు ఎక్కడివి? 2017 నాటి ఓఖీ తుఫానులో, ముందుగనే దూరము పోయిన పడవలకు హెచ్చరిక చేర్చు దారి లేకపోయినది. తీరము దాటి పది పండ్రెండు కిలోమీటర్లు పోయిన సెల్‌ఫోను మూగది. 2019లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విమానాశ్రయ ప్రాధికార సంస్థతో కలిసి ‘జెమిని’ అను చిన్న పెట్టెను వెలువరించినది. అది గగన్ ఉపగ్రహముల ద్వారా వచ్చు తుఫాను, అలల, చేపల సమాచారము నందుకొని, బ్లూటూత్ ద్వారా జాలరి చేతిఫోనుకు అందించును. వినువాడొకడు, చదివి చెప్పువాడొకడు. పాత డిక్టేషను పద్ధతియే, తీగ లేదు. జెమినికి వినుట వచ్చును గాని తీరమునకు బదులు పలుకుట రాదు. ఇస్రో 2024లో ప్రకటించిన రెండవ తరము ఆపద సూచకము ఆ లోటును కొంత తీర్చినది: జాలరి మీట నొక్కగా పడవ స్థానముతో సందేశము ఉపగ్రహమునకు పోవును, అది అందినదను జవాబు తిరిగి పడవకు వచ్చును.